భంబయిలో ఒక కుళాయి

దక్షిణాఫ్రికాలోని డర్బన్ వెళ్తున్నానని చెప్పగానే మా ఇంట్లో అందరూ ఒకటే మాట: గాంధీగారి ఫీనిక్స్ ఆశ్రమం చూసి రమ్మని. చూశాను. కానీ వచ్చి నెల దాటినా నా బుర్రలో తిరుగుతున్నది ఆశ్రమం కాదు, దాని కంచె అవతల ఉన్న ఒక కుళాయి.

నేను దిగింది ఫీనిక్స్ టౌన్‌షిప్‌లో ఒక తెలుగు కుటుంబం ఇంట్లో. ఆ పెద్దాయన ముత్తాత గిర్మిట్ కూలీగా, అంటే ఒప్పందం మీద వెళ్లే కూలీగా, మద్రాసులో ఓడెక్కి చెరకు తోటల్లో పనికి వచ్చాడట. ఇంట్లో మాట్లాడుకునేది ఇంగ్లిషే. అయినా నన్ను మాత్రం నోరారా "అమ్మా" అని పిలిచేవారు. ఆయనే తన కారులో ఆ ఆశ్రమం ఉన్న ఇనాండాకి తీసుకెళ్లారు.

1904లో గాంధీ పెట్టిన ఆ ఆశ్రమం 1985 ఆగస్టులో తగలబడింది. ఆ నెల ఒకటో తేదీన విక్టోరియా మ్కెంగే అనే నల్లజాతి లాయర్‌ని డర్బన్ దగ్గర ఉమ్లాజీలో ఆమె ఇంటి ముందే చంపేశారు. దాంతో గొడవలు అంటుకున్నాయి. అవి చివరికి ఇనాండాలోని భారతీయుల కొట్ల మీదికి తిరిగాయి. పెద్దాయన నాన్నగారి కిరాణా కొట్టు కూడా అప్పుడే పోయింది. "తగలబెట్టినవాళ్లలో నాకు తెలిసిన కుర్రాళ్లు ఉన్నారమ్మా. మమ్మల్ని రాత్రంతా దాచి తెల్లారకముందే దాటించింది కూడా ఆ వీధి ఆవిడే" అన్నారు స్టీరింగ్ మీద చెయ్యి తియ్యకుండా. ఆ రోజు మేం వెళ్తున్నది ఆవిడ దగ్గరికే అని అప్పుడు చెప్పారు.

గాంధీ ఇల్లు మళ్లీ కట్టారు. రేకుల గోడలు, లోపల ఫొటోలు. 2000లో అధ్యక్షుడు థాబో ఎంబెకీ వచ్చి ప్రారంభించారు. అరగంటలో చూడటం అయిపోయింది. కంచె దాటితే భంబయి. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. బొంబాయి పేరే జులూ నోట్లో నలిగి భంబయి అయిందంటారు.

మండేలా జైలు నుంచి బయటికొచ్చింది 1990 ఫిబ్రవరిలో. ఇక అంతా మంచే జరిగిందని నేను అనుకునేదాన్ని. అప్పటి నుంచి, నల్లవాళ్లకీ ఓటు వచ్చిన 1994 ఎన్నికల దాకా, ఆ దేశంలో రాజకీయ హింసకు దాదాపు 14 వేల మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. డర్బన్ ఉన్న ఈ నాటాల్ ప్రాంతంలో మండేలా పార్టీ ఏఎన్‌సీకీ, బుతెలెజీ నడిపిన జులూల పార్టీ ఇన్‌కాతాకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. తెల్ల ప్రభుత్వం పోలీసులు ఇన్‌కాతాకు చాటుగా డబ్బులిచ్చారని 1991లో బయటపడింది. భంబయిలో ఆ గొడవకు రంగులు కూడా వచ్చాయి. ఏఎన్‌సీ వాళ్లు పచ్చలు. తరువాత ఇన్‌కాతా వైపు చేరినవాళ్లు ఎర్రలు. ఒకే ఊరు, మధ్యలో కనిపించని గీత.

అందరూ గోగో అంటున్న ఆ ముసలావిడ ఉన్నది ఎర్రల వైపు. గోగో అంటే అమ్మమ్మ. పెద్దాయన్ని చూడగానే రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ జులూలో చెబుతుంటే ఆయన నాకు చెప్పారు.

"కుళాయి పచ్చల వైపు ఉండేది. ఆడవాళ్లం పోతే తిట్టి వదిలేసేవాళ్లు. ఆ రోజు నాకు జ్వరం. నా చెల్లెలి కొడుకు బిందె తీసుకుని వెళ్లాడు."

అంతవరకే చెప్పింది. బిందె దొరికిందట.

ఆ పిల్లాడు ఏ పార్టీ అని అడిగాను. అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. "నీళ్లకి వెళ్లాడు" అంది.

1994లో ఓటు వేసిందట. ఎన్నికలకి వారం ముందు దాకా ఇన్‌కాతా పోటీకి ఒప్పుకోలేదు. అప్పటికే బ్యాలెట్ పేపర్లు అచ్చయిపోయాయి. అందుకని కింద ఒక స్టిక్కర్ అంటించారు. "అది ఊడిపోతుందేమోనని వేలితో గట్టిగా నొక్కాను" అంటూ బొటనవేలితో తన మోకాలి మీద నొక్కి చూపించింది. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, ఒహ్లాంగె స్కూల్లో, మండేలా తన జీవితంలో మొదటి ఓటు వేశారు. అక్కడికీ వెళ్లాను. ఫొటోలు బాగున్నాయి.

తరువాత సత్యశోధన కమిషన్ వచ్చింది. ఆ హింసలో నష్టపోయినవాళ్ల మాట వినడం, నిజం ఒప్పుకుని అర్జీ పెట్టుకున్న నేరస్తులకి క్షమాభిక్ష ఇవ్వడం దాని పని. ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టుటు దాని ఛైర్మన్. జనం వచ్చి ఏడ్చారు, చెప్పుకున్నారు, కొందరు హంతకులు ఒప్పుకున్నారు. అది మామూలు పని కాదు, ఆ గౌరవం నాకుంది. కానీ బుతెలెజీ దాన్ని నమ్మలేదు, ఆయన మనుషులు చాలామంది చాలాకాలం దూరంగానే ఉన్నారు. గోగో కూడా వెళ్లలేదు. పార్టీ వద్దంది. పైగా చెబితే పక్కింటావిడ కొడుకు పేరు చెప్పాలి. ధైర్యం వచ్చేసరికి గడువు అయిపోయింది. కమిషన్ గుర్తించి జాబితాలో పేరెక్కించిన బాధితులు దాదాపు 22 వేలమంది. వాళ్లకి 2003లో తలా 30 వేల ర్యాండ్లు (అక్కడి డబ్బు) ఇస్తామన్నారు. పేరు లేనివాళ్లకి ఏమీ లేదు. బాధితుల కోసం పెట్టిన అధ్యక్షుడి నిధిలో వంద కోట్ల ర్యాండ్లకు పైగా ఖర్చవకుండా ఉన్నాయి. ఖులుమాని అనే బాధితుల సంఘం ఆ జాబితా తెరవమని ఏళ్లుగా అడుగుతోంది. ఖులుమాని అంటే జులూలో "మాట్లాడండి" అని.

తిరిగొస్తుంటే పెద్దాయన ట్రస్ట్‌ఫీడ్ అనే ఊరి సంగతి చెప్పారు. 1988 డిసెంబర్ 3 రాత్రి అక్కడ ఒక చావు ఇంట్లో జాగారం చేస్తున్న 11 మందిని కాల్చి చంపారు. బ్రయన్ మిచెల్ అనే పోలీసు అధికారి ఏఎన్‌సీ పక్షం ఇల్లనుకుని మనుషుల్ని పంపాడు. చనిపోయింది ఇన్‌కాతా పక్షం వాళ్లు. అతనికి 1992లో మరణశిక్ష పడింది, అది జైలు శిక్షగా మారింది, 1996లో కమిషన్ క్షమాభిక్ష ఇచ్చింది. చంపినవాడు గడువులోపల అర్జీ పెట్టుకున్నాడు. గోగో పెట్టుకోలేకపోయింది. ఈ ఒక్కటే నాకు మింగుడుపడటం లేదు.

మేం లేస్తుంటే ఆవిడ పెద్దాయన్ని అడిగింది, మళ్లీ పేర్లు రాసుకుంటారట కదా, ఎప్పుడని. ఆయన నావైపు చూశారు. నేనేం చెప్పను? "కనుక్కుంటానమ్మా" అని తెలుగులోనే అనేశాను, ఆయన జులూలో చెప్పారు.

ఇప్పుడు కుళాయి ఆవిడ వాకిట్లోనే ఉంది. నా సీసా లాక్కుని నిండా పట్టిచ్చింది. కట్టేశాక కూడా ఇంకొక్కసారి గట్టిగా తిప్పి, చుక్క పడుతుందేమోనని కాసేపు అక్కడే వంగి చూసింది.