రెండో వరసలో ఖాళీ

అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన ఒక సైనికుడి సమాధిరాయి ఇవాళ కూడా దొరకలేదు! నార్త్ కరోలినా, చాటమ్ కౌంటీలో ఒక పాత మెథడిస్టు చర్చి దొడ్డిలో, రెండో వరసలో ఆ రాయి ఉండాల్సిన ఖాళీ నన్ను ఏడిపిస్తూనే ఉంది.

మిగతా పని బాగానే సాగింది. తల మొనదేలిన కాన్ఫెడరేట్ (ఆ యుద్ధంలో దక్షిణాది పక్షం) సైనికుల రాళ్ళు మూడు దొరికాయి, 26వ నార్త్ కరోలినా దళం, జి కంపెనీ. ఫొటోలు ఎక్కించేశాను.

ఇక రాయి దొరకని మనవాడి సంగతి. 1901 నాటి పింఛను దరఖాస్తు ఉంది కాబట్టి యుద్ధం నుంచి బతికి వచ్చాడు. 1930ల్లో డబ్ల్యూపీఏ అనే సర్కారు ఉపాధి సంస్థ చేయించిన సమాధుల సర్వేలో పేరు ఈ చర్చి కిందే ఉంది. అంటే అప్పటికి రాయి నిలబడే ఉంది. ఇప్పుడు అటు భార్య రాయి, ఇటు కొడుకు రాయి, మధ్యలో 6 అడుగుల గడ్డి.

పాస్టరు గారిని అడిగి, సన్న ఉక్కు కడ్డీతో 6 అంగుళాలకో పోటు గుచ్చుకుంటూ వెళ్ళాను. మొన్నటి వానకి ఎర్రమట్టి మెత్తబడింది, లేకపోతే కడ్డీ వంగేది. 7 అంగుళాల లోతులో టక్‌మంది. ప్రాణం లేచొచ్చింది! చుట్టూ గుచ్చి జెండాలు పెట్టి చూస్తే వెడల్పు 9 అంగుళాలు, పొడవు 22, అంచులు వంకర. సైనికులకి సర్కారు ఇచ్చిన పాలరాయి అయితే వెడల్పు కనీసం 12 ఉండాలి, అంచు తిన్నగా తగలాలి. పైగా ఇక్కడ సమాధులన్నీ తల పడమటికి, కాళ్ళు తూర్పుకి. నిలువు రాయి పడితే ఆ దిక్కునే పొడుగ్గా పడుతుంది. ఇదేమో ఉత్తర దక్షిణాలుగా ఉంది. ఈ నేలలో పలుగురాళ్ళకి కొదవ లేదు, అదే అయ్యుండొచ్చు. గడ్డి కోసే ట్రాక్టరు తగిలి విరిగిన ముక్క కూడా కావచ్చు. తవ్వి చూద్దామంటే సమాధి కదపడం నేరం.

రాళ్ళ మీది నాచుకి నేను డి/2 అనే శుభ్రం చేసే ద్రావణం తప్ప వాడను. పాత రాయి మీద బ్లీచ్ పోసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. సమాధి ఎక్కడుందో జీపీఎస్‌తో గుర్తు పెట్టడానికి బిలియన్‌గ్రేవ్స్ అనే సమాధుల ఫొటోల యాప్ హాయి, ఫొటోతోపాటే ఎక్కేస్తుంది.

బానిసత్వం కోసం పోరాడినవాళ్ళ సమాధులు నీకెందుకురా అంటాడు అన్నయ్య. నిజమే. చర్చి వెనక చెట్ల అంచున పేర్లు లేని మొరటు రాళ్ళ వరస ఒకటుంది. బానిసలుగా బతికినవాళ్ళని తరచు అలాంటి అంచుల్లోనే పూడ్చేవారు. వీళ్ళకున్న పింఛను ఫైలూ సర్వే చీటీ వాళ్ళకి లేవు. డిసెంబరులో ఆకులు రాలి, పిడుదుల బెడద తగ్గాక ముందు ఆ వరస కొలిచి మ్యాపులో పెట్టాలి.

ఈలోగా నేషనల్ ఆర్కైవ్స్‌లో 1925-41 నాటి సమాధిరాళ్ళ దరఖాస్తులు వెతకాలి. ప్రైవేటు శ్మశానాల్లోని కాన్ఫెడరేట్లకి సర్కారు రాళ్ళివ్వడం 1929 చట్టంతోనే మొదలైంది. మనవాడి పేరు ఆ దరఖాస్తు కార్డుల్లో లేకపోతే అది ఇంటివాళ్ళు పెట్టిన రాయే కావచ్చు, అప్పుడు నా 12 అంగుళాల లెక్క పనికిరాదు, ఆ 9 అంగుళాల ముక్కని మళ్ళీ చూడాలి.