ఇంటిపేరు ముందు రాసే ఊళ్లో

పోలీస్ స్టేషన్‌లో ఆ కుర్ర కానిస్టేబుల్ నా పేరు ఒక్కో అక్షరమే కొడుతున్నాడు. పాస్‌పోర్టు వైపు ఒకసారి, కీబోర్డు వైపు ఒకసారి చూస్తున్నాడు. వాళ్ల పేర్లు రెండక్షరాలు, మహా అయితే మూడు. నాది ఇంటిపేరు, తాతగారి పేరు, నాకు పెట్టిన పేరు అన్నీ కలిపితే ఇంగ్లిష్‌లో ముప్ఫై అక్షరాలు దాటుతుంది. సగం కొట్టాక ఆగి, నా పక్కన కూర్చున్న, నేను అద్దెకు దిగిన ఇంటావిడని ఏదో అడిగాడు. ఆవిడ నా వైపు తిరిగి పాస్‌పోర్టులో రెండు లైన్ల మీద వేలు పెట్టి చూపించింది. ఇందులో ‘షింగ్’ ఏది, ‘మింగ్’ ఏది? అంటే ఇంటిపేరు ఏది, పేరు ఏది అని.

అప్పటికి నేను చైనాలో దిగి పద్దెనిమిది గంటలు. 2018 ఏప్రిల్. చెన్నై నుంచి కౌలాలంపూర్, అక్కడి నుంచి షియామెన్, మళ్లీ కారులో షుయితౌ. హోటల్లో దిగితే వాళ్లే నమోదు చేస్తారు. ఎవరింట్లోనైనా ఉంటే మాత్రం 24 గంటల్లోపు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్లి నివాసం రాయించుకోవాలి. అక్కడివాళ్లు ‘పైచుసువో’ అంటారు ఆ స్టేషన్‌ని. నాకు వచ్చిన మొదటి చైనా మాటల్లో అదొకటి.

షుయితౌ పేరు మా చీమకుర్తి వాళ్లకి కొత్త కాదు. ఫుజియాన్ ప్రావిన్స్‌లో చువాన్‌జౌ కింద ఉన్న ఊరు. మన దగ్గర తీసిన బ్లాక్ గెలాక్సీ, అంటే మెరిసే చుక్కలున్న నల్ల గ్రానైటు, బ్లాకులు ఓడెక్కి షియామెన్ రేవులో దిగితే, అక్కడి నుంచి ఈ ఊరి ఫ్యాక్టరీలకి వచ్చి పలకలవుతాయి. నేను బీఎస్సీ జియాలజీ చదివి ఎనిమిదేళ్లు క్వారీల్లో బ్లాకులకి మార్కింగ్ చేశాను. ఏ బ్లాకులో సన్నటి పగులు దాగి ఉందో, ఎక్కడ చుక్క పలచబడుతుందో చూసి చెప్పడమే నా పని. అలాంటి మనిషి తమ దగ్గరే ఉంటే బాగుంటుందని రాయి కొనే ఒక చైనా కంపెనీ పిలిచింది. ఫ్యాక్టరీ ఊరి బయట, నా ఇల్లు ఇంకాస్త లోపల, లిచీ లాంటి పండ్లు కాసే లాంగన్ చెట్లున్న పల్లెలో.

వెళ్లడానికి ముందు ఇక్కడ పడిన పాట్లు ఇంకో కథ. డిగ్రీ సర్టిఫికెట్‌కి రాష్ట్రంలో అటెస్టేషన్, ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర, దాని మీద చైనా ఎంబసీ ముద్ర. పోలీస్ క్లియరెన్స్ కూడా అంతే. మధ్యలో అసలు చిక్కు నా పేరుతోనే వచ్చింది. పదో తరగతిలో, డిగ్రీలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంది. పాస్‌పోర్టులో అది పూర్తిగా విడిపోయి సర్‌నేమ్ గడిలో పడింది. ఇద్దరూ ఒకరే అని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాల్సి వచ్చింది. తెలుగువాళ్లలో ఈ బాధ పడనివాడు ఉంటాడా? ఇంటిపేరు ముందుండటం మన పద్ధతి. ఫారాలు మాత్రం మన కోసం తయారైనవి కావు.

అందుకే ఆ కానిస్టేబుల్ ప్రశ్న వినగానే గుండె జారింది. మళ్లీ మొదలు అనుకున్నాను. ఫోన్‌లో అనువాదం యాప్ తెరిచి, మా వాళ్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, తర్వాత పెట్టిన పేరు అని రాసి చూపించాను. అతను చదివి తల ఊపాడు. ఇంటావిడ కూడా వంగి చదివింది. చదివి, ఎంతో తెలిసిన విషయంలాగా నా మోచేయి తట్టి, “మా లాగే” అంది. ఆ రెండు మాటలు అర్థం కావడానికి నాకు యాప్ అక్కర్లేకపోయింది.

ఆవిడకి అరవై దాటాయి. పిల్లలు షియామెన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఎర్ర ఇటుకల పాత ఇల్లు పక్కనే కొత్తగా కట్టిన మూడంతస్తుల్లో పైవాటా నాకిచ్చింది. పాత ఇంటి కప్పు రెండు కొసలూ పిట్ట తోకలాగా చీలి పైకి లేచి ఉంటాయి, ఆ ప్రాంతపు పాత ఇళ్లు చాలావరకు అలాగే. నేను ఆవిడని ‘ఆయీ’ అని పిలిచేవాణ్ణి. మనం పిన్నీ అన్నట్టు. స్టేషన్‌కి అద్దె కాగితం, ఆవిడ గుర్తింపు కార్డు, ఇంటి పత్రం అన్నీ ఆవిడే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చింది. అచ్చయిన చీటీ చేతికి రాగానే ఒక కాపీ తీయించి, ఇంటికొచ్చాక ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టుకుంది. వాళ్లింట్లో విదేశీయుడు ఉండటం అదే మొదటిసారి.

తర్వాత వర్క్ పర్మిట్, నివాస పర్మిట్. ఉద్యోగానికిచ్చే జెడ్ వీసా మీద దిగినవాడు 30 రోజుల్లోపు నివాస పర్మిట్‌కి అప్లై చేయాలి. దానికి మెడికల్ కావాలి. ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, రక్తం, కడుపు స్కాన్. చువాన్‌జౌలో పొద్దున్నే ఖాళీ కడుపుతో వెళ్తే పదకొండుకల్లా అయిపోయింది. నాతో వచ్చిన ఆఫీసు అమ్మాయి, ఇక్కడిదాకా వచ్చి కైయువాన్ గుడి చూడకుండా వెళ్తారా అని తీసుకెళ్లింది. బౌద్ధుల గుడి. పెద్ద మందిరం వెనక్కి నడిపించి రెండు రాతి స్తంభాలు చూపించింది. దగ్గరికెళ్తే నరసింహస్వామి! హిరణ్యకశిపుణ్ణి ఒళ్లో వేసుకుని ఉన్నాడు. పక్కనే చిన్నికృష్ణుడి కథలు. 13వ శతాబ్దంలో ఇక్కడ వ్యాపారం చేసిన తమిళులు కట్టుకున్న గుడిలోవట అవి. ఆ గుడి పోయాక ఈ స్తంభాలు బౌద్ధ మందిరంలో చేరాయి. నేను చేయి పెట్టి తడిమాను, అలవాటు కొద్దీ. రాతి పని చేసేవాళ్లు ఇంతదూరం ఏడొందల ఏళ్ల కిందటే వచ్చిపోయారని తెలిసి నాకు కన్నీళ్లొచ్చాయి. ఆ అమ్మాయి నీళ్లు తాగమంటూ సీసా ఇచ్చింది, ఖాళీ కడుపు వల్ల అనుకుని.

పర్మిట్ కోసం పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. పదిహేను పనిదినాల దాకా పడుతుందన్నారు, బదులుగా ఒక రసీదు ఇచ్చారు. పరాయి దేశంలో చేతిలో పాస్‌పోర్టు లేకుండా ఉండటం ఎంత టెన్షనో పడినవాడికే తెలుసు. రాత్రుళ్లు లేచి ఆ రసీదు చూసుకునేవాణ్ణి.

అంతకంటే కష్టం ఫోన్‌లో డబ్బు కట్టడం. పల్లెలో కూరగాయల బండి దగ్గర కూడా వీచాట్ కోడ్ వేలాడుతుంది. నోటు ఇస్తే చిల్లర కోసం ఇరుగు పొరుగుని అడుగుతారు. బ్యాంకు ఖాతా తెరిచాను, సిమ్ తీసుకున్నాను, రెండింటినీ వీచాట్‌కి కలపబోతే పేరు సరిపోలేదంటుంది. నాలుగు రోజులు పట్టింది కారణం తెలియడానికి. సిమ్ ఇచ్చినతను ఇంటిపేరు ముందు రాశాడు. బ్యాంకులో ఒక ఉద్యోగి విదేశీ పేరు కదా అని ఇంటిపేరు చివరికి తోసి, మధ్యలో ఖాళీలు లేకుండా కలిపేసింది. పాపం, ఆవిడ మంచికే చేసింది. రెండు గంటలు కూర్చుని, పాస్‌పోర్టు పేజీ అడుగున ‘<’ గుర్తుల మధ్య ఉన్న వరసలోనే రాయమని బతిమాలి మార్పించుకున్నాను. అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ వరస తప్ప ఇంకో వరసలో నా పేరు రాయనివ్వలేదు. చైనా వెళ్లే మన వాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే.

తిండికి నేను భయపడ్డంత కాలేదు. అక్కడివాళ్లు కారం ముట్టరు, సముద్రపు చేపలు, ఆల్చిప్పలు ఎక్కువ. కానీ పొద్దున్నే ఆయీ జావలా కాచిన అన్నం, ముల్లంగి ఊరగాయ తెచ్చి పెడితే చద్దన్నం తిన్నట్టే ఉండేది. మెట్ల మీద ఎదురైన ప్రతిసారీ అడిగేది, వాళ్ల యాసలో, “తిన్నావా?” అని. అదే పలకరింపు వాళ్లకి. మా అమ్మ ఫోన్ ఎత్తగానే అడిగే మాట. రెండూ ఒకే రోజు విన్నప్పుడు దిగులు కాస్త తేలికయ్యేది. సాయంత్రాలు ఆన్‌పింగ్ వంతెన మీద నడిచేవాణ్ణి. 12వ శతాబ్దంలో కట్టింది, రెండు కిలోమీటర్ల పైనే పొడవు, అంతా గ్రానైటు పలకలే. మిషన్లు లేని రోజుల్లో అంత బరువు ఎలా ఎత్తి పెట్టారా అని ప్రతి పలక దగ్గరా ఆగేవాణ్ణి.

2019 సంక్రాంతికి ఇంటికొచ్చి తిరిగి వెళ్లాక ఒక తప్పు చేశాను. అప్పట్లో బయటికెళ్లి మళ్లీ దేశంలోకి వస్తే మళ్లీ నివాసం రాయించుకోవాల్సి ఉండేది. పర్మిట్ ఉంది కదా అని మర్చిపోయాను. మూడో రోజు ఆయీ ఫ్రిజ్ మీద చీటీ చూసి, తేదీ మీద వేలు పెట్టి, నన్ను స్కూటర్ ఎక్కించుకుని స్టేషన్‌కి తీసుకెళ్లింది. చట్టం ప్రకారం 2,000 యువాన్ల దాకా జరిమానా వేయొచ్చు. అదే కుర్రాడు. ఇద్దరూ వాళ్ల యాసలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆవిడ గొంతు పెంచింది, తప్పు తనదే అన్నట్టు గుండె మీద చేయి పెట్టుకుంది. చివరికి హెచ్చరికతో సరిపెట్టి, ఇకమీదట ఇలా చేయనని రాయించుకున్నారు. నా పేరు మాత్రం ఈసారి గబగబా కొట్టేశాడు.

ఏప్రిల్‌లో చింగ్‌మింగ్ వచ్చింది, పెద్దల సమాధులు శుభ్రం చేసే పండగ. పిల్లలొచ్చారు. నన్ను కూడా ఊరి పూర్వీకుల మందిరానికి తీసుకెళ్లారు. ఆ పల్లెలో దాదాపు అందరిదీ ఒకటే ఇంటిపేరు. దళసరి వంశవృక్షం పుస్తకం తెరిచి, తన భర్త తాతల పేర్లు ఆయీ వరసగా చూపించింది. ప్రతి పేరుకీ ముందు అదే అక్షరం. ఇంటికొచ్చాక పెన్ను ఇచ్చి, మీ అక్షరాల్లో నీ ఇంటిపేరు రాయి అంది. తెలుగులో పెద్దగా రాశాను. గుండ్రంగా ఉన్నాయని కాసేపు తిప్పి తిప్పి చూసి, తీసుకెళ్లి ఫ్రిజ్ మీద నా నివాస చీటీ పక్కన పెట్టింది.