కరివేపాకు తొట్టిలో కలుపు

పదకొండు దాటింది. నిద్ర పట్టక ఫోన్ పట్టుకున్నా. అంతా ఆ తోటమాలి పుణ్యమే.

నెలకోసారి వచ్చి డాబా మీది తొట్లు గుల్లచేసి ఎరువేసి పోతాడు కదా. ఇవాళ నేను స్నానం చేసి పైకెళ్లేసరికి తొట్లన్నీ గుండు గీయించుకుని కూర్చున్నాయి. మూలన పీకిన మొక్కల కుప్ప. అందులో నా నేల ఉసిరి, వేళ్ల మట్టితో సహా. ఇదేంటయ్యా అంటే "కళై అమ్మా" అన్నాడు తమిళంలో, తాపీగా. కలుపట! పోనీ తెలీదా అంటే, "కీళానెల్లి దానే" అని పేరు కూడా తనే చెప్పాడు. తెలిసీ పీకాడన్నమాట. అక్కడ మండింది నాకు.

సాయంత్రం అత్తయ్యకి శొంఠి కోసం నాటుమందుల కొట్టుకెళితే, అదే మొక్క ఎండి, పొడై, పొట్లంలో కూర్చుని నా వంక చూసింది. ఇంటికొచ్చి ఇదంతా ఏకరువు పెడితే, ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా "నువ్వెప్పుడైనా తాగావా దాన్ని?" అన్నారు.

తాగలేదు. ఎవర్నీ తాగనివ్వను కూడా. కరోనా తర్వాత మా తమ్ముడు ఏడాదిపాటు తిప్పతీగ కషాయం తాగి లివర్ టెస్టులు పాడుచేసుకున్నప్పుడు, డాక్టర్ కంటే ముందు వాణ్ణి తిట్టింది నేనే. మరి ఈ ఏడుపు దేనికి?

నాన్న కామెర్లకి అనుకుంటా. నాకప్పుడు పదేళ్లు. నాన్న కళ్లు పసుపు ముద్దల్లా అయ్యాయి. తెల్లారకముందే పసరు పెద్దమ్మ వచ్చేది. దారిలో ఎవరూ పలకరించకూడదు, పలకరిస్తే మందు పారదట. కొంగులో ఆకు, మా ఇంట్లోనే నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున పట్టేది. ఉప్పు లేదు, నూనె లేదు, చప్పిడి మజ్జిగన్నం. ఉప్పుకోసం నాన్న నాయనమ్మని బతిమాలడం నేను చూశాను. అంతకుముందు ఆయన ఎవర్నీ బతిమాలగా చూడలేదు. ఆకు పేరు అడిగితే పెద్దమ్మ నవ్వేది. మూడో రోజు నేను చీకట్లో వెనకాలే వెళ్లాను. అడవికి కాదు, కొండకి కాదు, మా బావి గట్టు పక్కకే వెళ్లింది! వంగి, రెబ్బ తిరగేసి చూసి, తెంపింది. ఆమె వెళ్లాక నేనూ తిరగేశాను. ఆకుల కింద వరసగా ఆవగింజలంత కాయలు. ఎవరికీ చెప్పలేదు, మందు పారదేమోనని భయం. నాన్న లేచాడు. ఆమె డబ్బు ముట్టలేదు, తవ్వెడు బియ్యం పట్టుకుపోయింది.

మా చిట్టికి కామెర్లు వచ్చినప్పుడు డాక్టరు చెప్పాడు, హెపటైటిస్-ఎ చాలామందికి విశ్రాంతితోనే తగ్గిపోతుందని. అంటే నాన్నా ఊరికే తగ్గాడా? ఏమో. ఇప్పుడు మేముండే ఈ చెన్నైలోని మద్రాసు యూనివర్సిటీ త్యాగరాజన్ గారు, హెపటైటిస్-బి వైరస్‌ని కనుక్కుని 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కలిసి 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. నెల్లాళ్లు ఈ మొక్క పొడి తీసుకున్న 37 మంది హెపటైటిస్-బి వాళ్లలో 22 మంది రక్తంలో వైరస్ జాడ పోయిందని, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయిందని. ఇక్కడిదాకా చదివి ఆయన్ని లేపబోయాను. తర్వాత వేరేచోట్ల చేసి చూస్తే అలా రాలేదట. లేపలేదు.

తోటమాలి మీద అరవాల్సింది కాదు. పాపం, గుల్లచెయ్యమంటే చేశాడు. అయినా తెలిసీ...

ఇందాక టార్చి పట్టుకుని పైకి వెళ్లొచ్చా. కరివేపాకు తొట్టిలో, కాండం వెనకాల, ఒక్కటి మిగిలింది. బొటనవేలంత. రాత్రి కదా, ఆకులు ముడుచుకుని ఉంది. పక్కనే రెండు గరికపోచలు కనిపిస్తే పీకి పారేశాను.