సీరియల్ నెత్తురు, వీపు మీద బండ

చారిత్రక సీరియల్ ఏదైనా తీసుకోండి, యుద్ధం సీన్ దాదాపు ఒకేలా ఉంటుంది. కత్తి మెడకు అడ్డంగా పోతుంది, నెత్తురు కెమెరా దాకా చిమ్ముతుంది, మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. కొట్టినవాడు కత్తి తుడుచుకుని ఇంకొకడి మీదికి పోతాడు. చూసేవాళ్లు "ఆ కాలంల గట్లనే ఉండెనట" అనుకుంటారు. అట్ల లేదు. ఆ కాలం మెత్తనిదని కాదు, క్రూరత్వం ఉన్న చోటు వేరు. మన నల్లగొండ, పాలమూరు గడ్డ మీద జరిగినదాన్నే చూస్తే, సీరియల్ ఎక్కువ చేసి చూపేది ఎక్కడ, అసలు చూపనిది ఎక్కడ అన్నది తేటగా తెలుస్తుంది.

ముందు ఆ నెత్తురు సంగతి. సెట్లో మామూలుగా వాడేది పాకమే. గ్లాసుడు చిక్కటి చక్కెర పాకం, రెండు టీస్పూన్ల ఎర్ర ఫుడ్ కలర్, ఒక టీస్పూన్ కోకో పొడి, నీలం రంగు రెండు మూడు చుక్కలు. పలచగా జారిపోతుంటే కొంచెం మొక్కజొన్న పిండి ఉడికించి కలుపుతారు. నీలం చుక్కలు మరిస్తే లైట్ల కింద అది షర్బత్‌లా గులాబీ రంగులో పడుతుంది. కోకో మరిస్తే గాజులా మెరుస్తుంది. పాకం ఎక్కువైతే ఈగలు, చీమలు పట్టి రెండో టేక్ కష్టమవుతుంది. ఇంత జాగ్రత్తగా చేసినా ఒక లోపం మిగిలే ఉంటుంది, పొద్దున పోసింది సాయంత్రానికీ ఎర్రగానే ఉంటుంది. అసలు నెత్తురు ఒంట్లోంచి బయటపడ్డ ఐదు పది నిమిషాల్లో గడ్డ కట్టడం మొదలుపెట్టి, ఆరేకొద్దీ ఇటుక రంగుకూ, ఆ తర్వాత నల్లటి గోధుమ రంగుకూ తిరుగుతుంది. యుద్ధం అయిపోయిన మర్నాడు రాణి నడిచే నేల మీద కూడా ఎర్రటి మడుగు కనబడితే, ఆ సీన్ రాసినవాళ్లు నెత్తురు గురించి ఆలోచించలేదన్నమాటే.

కొలత కూడా తప్పే. పెద్ద మనిషి ఒంట్లో ఉండేది సుమారు ఐదు లీటర్లు. అందులో రెండు లీటర్లు పోతే ప్రాణం మీదికి వస్తుంది. తెర మీద ఒక్క వేటుకు బిందెడు పోస్తారు.

కత్తి సంగతీ అంతే. మామూలు తల్వారు కిలోకు కొంచెం అటూ ఇటూ తూగుతుంది. షూటింగ్ కత్తి ఎక్కువగా అల్యూమినియమో, ఫైబరో, రంగేసిన కర్రో. తేలిక కాబట్టి నటుడి చెయ్యి చీపురు తిప్పినట్టు తిరుగుతుంది, వేటు తర్వాత ఒంటిని లాగే బరువు కనబడదు. తోలు ఒరలోంచి తీసిన కత్తి "ఖంగ్" అని మోగదు, ఆ చప్పుడు తర్వాత స్టూడియోలో కలిపేదే. కడుపులో దిగిన చప్పుడు కోసం క్యాబేజీ పొడుస్తారు. దక్కన్ సైనికులు చాలామంది దూది నింపి కుట్టిన మందపాటి అంగీలు తొడుక్కునేవాళ్లు. అడ్డంగా వేసిన వేటు అలాంటి అంగీని అంత సులువుగా చీల్చదు. అందుకే దెబ్బలు తలకూ, చేతులకూ, మోకాలి కిందికీ పడేవి.

మన దగ్గర మధ్యయుగాల చావులు ఎక్కువగా చితి మీద బూడిదైపోయాయి కాబట్టి ఎముకల సాక్ష్యం కోసం బయటికి చూడాల్సిందే. ఇంగ్లండ్‌లో టౌటన్ దగ్గర 1461లో జరిగిన యుద్ధానికి చెందిన సామూహిక గుంత 1996లో బయటపడింది. అందులో ముప్ఫై ఏడెనిమిది మంది ఉన్నారు. దెబ్బలు ఎక్కువగా తల మీదే. ఒక్కొక్క పుర్రె మీద ఒకటి కాదు, చాలా. మనిషి పడిపోయాక కూడా కొట్టారని ఎముక చూసి చెప్పగలిగారు. స్వీడన్‌లోని విస్బీ గుంతల్లో, 1361 నాటివి, మోకాలి కింది ఎముకల మీద గాట్లు చాలా దొరికాయి. సీరియల్ హీరో ఒక్క వేటుకు చంపుతాడు, ఎముకలేమో పడ్డ మనిషిని మళ్లీ మళ్లీ కొట్టారని చెబుతున్నాయి. గాయపడి బతికినవాళ్ల చావు ఇంకా నెమ్మది. మట్టి, గుర్రప్పేడ తగిలిన గాయం చీము పట్టేది, వారం రెండు వారాలకు ధనుర్వాతం వచ్చి దవడ బిగుసుకుపోయేది. ఆ వారం రోజులు ఏ ఎపిసోడ్‌లోనూ ఉండవు.

ఇక రాతల్లో ఉన్న క్రూరత్వం. దేవరకొండ కోట ఎక్కినవాళ్లకు బహమనీ సుల్తాను హుమాయూన్ షా పేరు తెలిసే ఉంటుంది. 1458 నుంచి 1461 దాకా ఏలాడు, చరిత్రలో "జాలిమ్", అంటే క్రూరుడు, అని పేరు పడ్డాడు. 1459లో అతని సైన్యం దేవరకొండను ముట్టడించింది. వెలమ నాయకుడు లింగమ, సాయానికి వచ్చిన ఒడిశా గజపతి సేన కలిసి దాన్ని చిత్తుగా ఓడించారు. ఆ తర్వాత అతని రాజధాని బీదర్‌లో తిరుగుబాటు లేచింది. దాన్ని అణిచాక హుమాయూన్ సొంత తమ్ముణ్ని పులులకు వేశాడనీ, కాగే నూనె కడాయిల్లో మనుషుల్ని వేయించాడనీ చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. సీరియల్ రచయితకు ఇంతకంటే ఏం కావాలి? కానీ ఫిరిష్తా బీజాపూర్‌లో కూర్చుని రాసింది 1600 దాటాక, అంటే దాదాపు నూట నలభై ఏళ్ల తర్వాత. చరిత్రకారుడు హెచ్.కె. షేర్వానీ ఈ కథల్లో అతిశయోక్తి చాలా ఉందని వాదించాడు. హుమాయూన్ దగ్గర పనిచేసిన మహమూద్ గవాన్ ఉత్తరాలను కూడా పట్టి చూడాలన్నాడు. గవాన్ ఆ రాజు కొలువులో ఉన్నవాడే కదా, ఆయన మాటను కూడా తూకం వేసే తీసుకోవాలి. అయితే ఒక్కటి మాత్రం కొట్టిపారెయ్యలేం. హుమాయూన్ చచ్చినప్పుడు ఒక కవి "జౌఖె జహాన్" అని తారీఖు కట్టాడు. లోకానికి సంబరం అని అర్థం. పార్సీ రాతలో ఒక్కో అక్షరానికి ఒక అంకె విలువ ఉంటుంది. ఆ అక్షరాల విలువలు కూడితే, 700, 6, 100, 3, 5, 1, 50, మొత్తం 865 వస్తుంది. హిజ్రీ 865 అతను చచ్చిన సంవత్సరమే. ఆ మనిషి మీద ఎంత కసి ఉంటే చావు తేదీని సంబరంగా లెక్కగట్టి ఉంటారో చూడండి. పులుల కంటే ఈ లెక్క నమ్మదగ్గ సాక్ష్యం.

అదే ఫిరిష్తా ఇంకో కథ రాశాడు. ఓరుగల్లును ఏలిన కాపయ నాయకుని కొడుకు వినాయకదేవుడు వర్తకుల గుర్రాలను లాక్కున్నాడని బహమనీ సుల్తాను మొదటి మహమ్మద్ షా దండెత్తి, అతని నాలుక కోయించి, రాళ్లు విసిరే యంత్రంలో పెట్టి మంటల్లోకి విసిరించాడట. ఇది తిట్టుగా రాసింది కాదు, రాజు పౌరుషం చెప్పడానికి రాసింది.

మనవాళ్ల రాతలు తీసుకున్నా తక్కువేం లేదు. రాచకొండ వెలమల చరిత్ర చెప్పే వెలుగోటివారి వంశావళిలో "రణం కుడుపు" అనే మాట వస్తుంది. యుద్ధంలో చచ్చిన శత్రువుల నెత్తురుతో అన్నం కలిపి రణభూమిలో బలిగా పెట్టే తంతు అది. 1361 ప్రాంతంలో జల్లిపల్లి దగ్గర సింగమ నాయకుణ్ని కపటంగా చంపారు. కొడుకులు అనపోతా నాయకుడు, మాదా నాయకుడు పగ తీర్చుకుని నూటొక్క మంది రాజుల్ని నరికి రణం కుడుపు చేశారని వంశావళి గర్వంగా చెబుతుంది. నూటొక్కటి అన్న అంకె వినగానే ఆగాలి. నూటొక్క గుళ్లు, నూటొక్క బిందెలు, నూటొక్క మంది రాజులు... పొగడ్తలో వచ్చే అంకె అది, శవాలు లెక్కపెట్టి రాసింది కాదు. తంతు నిజమై ఉండవచ్చు, లెక్క మాత్రం కవిది.

ఇక్కడే సీరియళ్లు జారిపోతాయి. తిట్టేవాడు రాజును రాక్షసుణ్ని చెయ్యడానికి నెత్తురు పెంచాడు, పొగిడేవాడు వీరుణ్ని చెయ్యడానికి పెంచాడు. టీవీ ఆ రెంటినీ ఉన్నదున్నట్టు తీసుకుని, దాని మీద పాకం కూడా పోస్తుంది. అదే ఫిరిష్తా, బహమనీలకు విజయనగరంతో జరిగిన ఘోర యుద్ధం తర్వాత, చేతిలో ఆయుధం లేనివాళ్లను, పట్టుబడ్డవాళ్లను ఇక చంపొద్దని రెండు పక్షాలూ 1367లో మాట అనుకున్నాయని కూడా రాశాడు. ఆ ఒప్పందం మీద ఒక్క ఎపిసోడ్ తీసినవాళ్లు కనబడరు. యుద్ధాన్ని చూసి భయపడ్డ రాజులు కూడా ఉండేవాళ్లని చూపడానికి అంతకంటే మంచి ఘట్టం దొరకదు.

నెత్తురు కారని హింస దగ్గరికి వద్దాం. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలుకు జనాన్ని ఎట్లా హింసిస్తున్నారో విచారించి ఒక కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. అందులో ఎక్కువగా కనబడే పద్ధతులు రెండు. కిట్టి అంటే ఒక చివర కట్టిన రెండు కర్రల మధ్య వేళ్లో, చెవో పెట్టి నొక్కడం. అనుందాల్ అంటే మనిషిని వంచి, మెడకూ కాలి వేళ్లకూ గుడ్డ బిగించి కట్టి, ఎండలో గంటలు గంటలు వదిలెయ్యడం. ఒక్క చుక్క నెత్తురు రాదు. ఒంటి మీద మచ్చ కూడా మిగలదు. అందుకే దాన్ని ఎంచుకున్నారు.

నిజాం రాజ్యంలో మన గడీల్లో, అంటే దొరల కోటల్లాంటి ఇళ్లల్లో, జరిగిందీ ఈ జాతిదే. వెట్టి అంటే సీరియల్లో కొరడా పట్టుకున్న దొరను చూపిస్తారు. అసలు వెట్టి రోజూ నడిచే లెక్క. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలియ్యాలి, గౌండ్లాయన రోజూ కల్లు ముంతలు పంపాలి, మాదిగ ఇంటివాళ్లు చెప్పులు కుట్టాలి, దొర బండి ముందు ఒక మనిషి పరుగెత్తాలి. పైసా ఉండదు. దొరసాని కూతురు అత్తగారింటికి పోతే ఆమె వెంట ఊరి పిల్లను ఆడబాపగా పంపేవాళ్లు, ఆ పిల్ల బతుకు అక్కడే తెల్లారిపోయేది. ఎదురు మాట్లాడితే ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టేవాళ్లు. విసునూరు దేశ్‌ముఖ్ పొలాల గురించి ఆ తరం చెప్పిన కథనాల్లో పదేపదే వినిపించే మాట ఇంకొకటి ఉంది. పసిబిడ్డకు పాలియ్యడానికి ఇంటికి పోతానన్న తల్లిని, నిజంగా బాలింతవేనా, పాలు పిండి చూపమని దొరసాని అడిగేదట. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. ఏ తెగిన తలా ఇంత బాధ పెట్టదు.

1946 జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో దొరకు ఎదురు తిరిగిన దొడ్డి కొమరయ్య, విసునూరు దొర మనుషుల తుపాకి గుండుకు చచ్చిపోయాడు. ఆ ఒక్క గుండు వెనక ఇన్నేళ్ల బండలూ, ముంతలూ, వంగిన నడుములూ ఉన్నాయి. వాటిని చూపకుండా గుండును మాత్రమే స్లో మోషన్‌లో చూపిస్తే జనం ఎందుకు గుత్పలు (దుడ్డుకర్రలు) పట్టారో కొత్త తరానికి అర్థం కాదు.

నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల మీద తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో ఊరివాళ్లను వరసగా నిలబెట్టి కాల్చింది నిజం. చనిపోయిన వాళ్ల అంకె ఒక్కో రాతలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి సీరియల్‌లో అంకె పలికించకపోవడమే మేలు. సెప్టెంబర్ 13న మొదలై ఐదు రోజుల్లో ముగిసిన, భారత సైన్యం హైదరాబాద్ మీద చేసిన పోలీసు చర్యలోనూ, ఆ తర్వాతి రోజుల్లోనూ, ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో, ముస్లింలను పెద్ద ఎత్తున చంపిందీ నిజమే. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ లెక్కగా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. మొదటి సంగతి చూపి రెండోది వదిలేసే సీరియల్ చరిత్ర చెప్పడం లేదు, పక్షం చెబుతోంది.

పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. టీవీ సీరియల్ ప్రసారానికి ముందు సెన్సార్ బోర్డుకు పోదు, కేబుల్ టీవీ చట్టం కింద ఉన్న ప్రోగ్రామ్ కోడ్ దాని హద్దు. ఓటీటీకి మాత్రం 2021 నిబంధనల ప్రకారం యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అని ముద్ర వెయ్యాలి, హింస ఉంటే ఆ మాట ముందే చూపాలి, 13+ నుంచి పైవాటికి తాళం వేసుకునే వీలివ్వాలి. ఆ తాళం సెట్టింగుల్లో ఉంటుంది, దానంతట అది పడదు.

ఊళ్లో చిందు యక్షగానం ఆడేవాళ్లు చుక్క పాకం లేకుండా వధ చూపిస్తారు. మద్దెల ఒక్కసారిగా ఆగుతుంది, వేషగాడు వెనక్కి మూడడుగులు వేసి ఒరుగుతాడు, కూర్చున్నవాళ్ల ఒళ్లు జలదరిస్తుంది. బండ సీన్‌కూ ఆ పద్ధతే పనికొస్తుంది. థర్మాకోల్ బండ పెడితే తేలిపోతుంది, నటుడి తొడలు వణకవు. దాని పొట్టలో మూడు నాలుగు కిలోల ఇసుక సంచి పెట్టాలి. నటుణ్ని ఎండలో నాలుగైదు నిమిషాలకు మించి ఉంచొద్దు, టేక్‌కూ టేక్‌కూ మధ్య నీడ, నీళ్లు. కెమెరాను కదపకుండా మోకాళ్ల ఎత్తులో పెట్టి, పొద్దున ఒక షాట్, పదకొండింటికి ఒకటి, మిట్టమధ్యాహ్నం ఒకటి తీయాలి. నీడ కురచవుతూ వచ్చి మనిషి కిందికి చేరుతుంది. ముక్కు కొస నుంచి చెమట చుక్క దుమ్ములో పడ్డ చోట చిన్న గుంత పడుతుంది. వెనక గడీ అరుగు మీద పట్వారీ తలెత్తకుండా లెక్క రాసుకుంటూ ఉండాలి.