‘హ్యూమన్’ అన్న ఒక్క మాటకు రెండు నెలలు: నా అనుభవం

నిన్న మధ్యాహ్నం మా ల్యాబ్‌కు ప్రొటీన్ వచ్చింది. థర్మోకోల్ డబ్బా మూత తీస్తే అడుగున డ్రై ఐస్ ఇంకా మిగిలి ఉంది. ట్యూబు రాయిలా గడ్డకట్టి ఉంది. అది చూశాకే నా టెన్షన్ దిగింది.

ఆ ప్రొటీన్ పేరు పీపార్ గామా. కణ కేంద్రకంలో ఉంటుంది. తనకు సరిపోయే అణువు వచ్చి అతుక్కుంటే కొన్ని జన్యువుల పనిని పెంచుతుంది, కొన్నిటిని తగ్గిస్తుంది. ఇలాంటి న్యూక్లియర్ రిసెప్టర్లు మనిషిలో 48 ఉన్నాయి. షుగర్‌కు ఇచ్చే పియోగ్లిటజోన్ పనిచేసేది దీని మీదే. మా అవ్వ షుగర్‌కని రోజూ పొద్దున్నే పొడపత్రి ఆకు నమిలేది. ఆ ఆకులోంచి నేను వేరుచేసిన పదార్థాలు ఈ రిసెప్టర్‌కు అతుక్కుంటాయా లేదా అన్నదే నా పరిశోధన.

డిసెంబరులో ఇండెంట్ (కొనమని అడిగే కాగితం) పెట్టాను. మూడు కొటేషన్లు వారంలో వచ్చేశాయి. జనవరి మొదట్లో కొనుగోళ్ల ఆఫీసు నుంచి ఫైలు వెనక్కి వచ్చింది. ‘రికాంబినెంట్ హ్యూమన్’ (మనిషి జన్యువును వేరే జీవిలో పెట్టి తయారు చేసినది) అన్న చోట హ్యూమన్ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ‘ఎథిక్స్ కమిటీ అనుమతి ఏది?’ అని రాశారు.

చెప్తే సరిపోతుందని వెళ్లాను. అక్కడి అధికారి తల ఎత్తకుండానే, “ఏం మా, మనిషి ప్రొటీన్ అంటే ఎవరి ఒంట్లోంచి తీస్తారు? శవాల్లోంచా?” అన్నారు. గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. బ్యాక్టీరియాలో తయారు చేస్తారు సార్ అన్నాను. “మరి మనిషిది అని ఎందుకు రాశారు? అబద్ధం రాశారా?” అన్నారు. నాలుగేళ్లుగా ఇదే చదువుతున్నాను. అయినా ఆ నవ్వుల మధ్య నాకు మాట పెగల్లేదు. మెట్ల దగ్గరికొచ్చి ఏడ్చాను. తెలియకపోవడం తప్పు కాదు. చెప్పడానికి వచ్చిన మనిషి ముందు నవ్వడం తప్పు. ఇది ఎప్పటికీ మర్చిపోను.

ఎథిక్స్ కమిటీకి వెళ్తే, మనుషుల నుంచి రక్తం, కణజాలం తీసుకుంటేనే మా దగ్గరికి రావాలి, ఇది మా పరిధి కాదు అన్నారు. ఆ మాటే రాసిమ్మంటే, మాది కాని దానికి మేమెందుకు రాసివ్వాలి అన్నారు. కాగితం లేకుండా ఇక్కడ కదలదు, అక్కడ కాగితం ఇవ్వరు. సంక్రాంతి వెళ్లిపోయింది. మార్చి 31 లోపు ఖర్చు పెట్టకపోతే గ్రాంటు డబ్బు వెనక్కి పోతుంది. మా గైడ్ మేడం రెండు లెటర్లు రాశారు, ఇంగ్లీషులో. రెండూ ఫైల్లో చేరాయి, అంతే.

ఫిబ్రవరిలో ఒక రాత్రి కూర్చుని తెలుగులో ఒక్క పేజీ రాశాను. తిరుమల పోటులో లడ్డుకు దిట్టం ఉంటుంది కదా, ఏ సరుకు ఎంత వేయాలో చెప్పే లెక్క. జన్యువు అలాంటి దిట్టమే. ఈ ప్రొటీన్ దిట్టం మనిషిది, వండింది మాత్రం ఈ.కోలై అనే బ్యాక్టీరియా. ఇందులో ఏ మనిషి రక్తమూ, కండా లేదు. 1982లో అమెరికాలో అనుమతి పొందిన హ్యూమన్ ఇన్సులిన్ కూడా ఇలా బ్యాక్టీరియాలో తయారైనదే. ఇదీ నేను రాసింది. దాంతోపాటు, ఏ జీవిలో తయారు చేశారో తెలిపే లెటర్ కంపెనీ నుంచి తెప్పించి జతచేశాను.

ఆ అధికారి పేజీ మొత్తం చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు. “ఇది ముందే ఇచ్చుంటే అయిపోయేది కదమ్మా” అని సంతకం పెట్టారు. క్షమాపణ మాత్రం చెప్పలేదు. రెండు నెలలు పెద్దవాళ్ల లెటర్లతో కదలని ఫైలును కదిలించింది నా పేజీ. ఆ మాట గర్వంగానే చెప్తున్నాను.

మీరు ఇలాంటిది కొంటుంటే, కంపెనీ ఇచ్చే ఆ లెటర్‌ను కొటేషన్‌తోనే అడగండి. అతుక్కోవడం ఒక్కటే చూడాలంటే పూర్తి ప్రొటీన్ అక్కర్లేదు, లైగాండ్ (వచ్చి అతుక్కునే అణువు) అతుక్కునే భాగం చాలు. నేను అదే తెప్పించాను. డబ్బా సోమవారానికో మంగళవారానికో చేరేలా చూసుకోండి. శుక్రవారం వస్తే స్టోర్స్‌లోనే ఉండిపోతుంది, మన తిరుపతి ఎండకు డ్రై ఐస్ రెండు రోజులు ఆగదు. ముఖ్యంగా, స్టోర్స్ అటెండర్ అన్నకు ముందే ఫోన్ నంబరు ఇచ్చి పెట్టండి. నిన్న మా అన్న భోజనం మధ్యలో లేచి డబ్బా తెచ్చిచ్చాడు. ఈ మొత్తం వ్యవహారంలో నా పనిని తన పనిగా చూసింది ఆయనొక్కడే.

వచ్చిన వంద మైక్రోగ్రాములనూ ఐస్ మీదే పెట్టి పది చిన్న ట్యూబుల్లోకి పంచాను. ఒకే ట్యూబును మాటిమాటికీ కరిగించి గడ్డకట్టిస్తే ప్రొటీన్ పాడవుతుంది. తొమ్మిది ట్యూబులు మైనస్ 80 ఫ్రీజర్‌లో ఉన్నాయి. పదోదానితో ఈ పొద్దున, దీనికి అతుక్కుంటుందని ముందే తెలిసిన రోసిగ్లిటజోన్ అనే మందు పెట్టి చూశాను. అది బాగా అతుక్కుంది, గ్రాఫ్ చక్కగా వచ్చింది. రేపు పొడపత్రి.