సాయంత్రం ఎక్కడ ఆగుదాం?

ఈ రోజు రెండే పనులు పెట్టుకున్నాను. మా మోటర్‌హోమ్, అంటే లోపలే పడక, వంటిల్లు, టాయిలెట్ ఉండే బండి, దాని నీళ్ల ట్యాంకు కడగడం; ఇలాంటి బండ్లవాళ్లంతా బృందంగా వెళ్లే ట్రిప్పులో చేరే ఫారం సంగతి తేల్చడం. మొదటిది అయింది. క్లోరిన్ కలిపిన నీళ్లు నింపి, కుళాయిలన్నీ ఒక్కొక్కటే తిప్పి, ఆ వాసన వచ్చేదాకా వదిలి, కొన్ని గంటలు అలాగే ఉంచి పారబోశాను. మళ్లీ మంచినీళ్లు పోస్తే పంపు కాసేపు గాలి మింగుతూ గురగురలాడి, చివరికి సన్నగా ధార పట్టింది. అప్పుడు గానీ నాకు ఊపిరాడలేదు. చలికాలంలో లోపల నీళ్లు మిగిలి గడ్డకడితే పంపు పగిలిపోతుంది మరి.

రెండోది అంత సులువుగా తెమిలేలా లేదు. ఈసారి మోటర్‌హోమ్‌లో మేమిద్దరమే వెళ్లడమా, బృందంతో కలిసి వెళ్లడమా?

మా ఆయనకి ఇందులో అనుమానమే లేదు. "మన బండి, మన ఇష్టం. ఎవరో బయల్దేరమంటే బయల్దేరడం ఏంటి?" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఇష్టం వెనకున్న చాకిరీ అంతా నాది. ఆయన చేతిలో స్టీరింగు, నా ఒళ్లో ఫోను. మధ్యాహ్నం మూడు దాటిందంటే నాకు టెన్షన్ మొదలు. కారుకి పనికొచ్చే మ్యాపు మూడు మీటర్ల ఎత్తున్న బండికి పనికిరాదు. దారిలో వంతెన ఎంత ఎత్తుందో చూడాలి. ఆ రోడ్డు మీద 3,500 కిలోలు దాటిన బండ్లని పోనిస్తారో లేదో చూడాలి. రాత్రికి బండి ఆపుకునే క్యాంప్‌సైట్లో చోటుందా, గేటు ఎన్నింటికి వేసేస్తారు, మురుగునీళ్లు వదలడానికి వీలుందా... ఇవన్నీ కనుక్కుని ఒక చోటు ఖాయం చేస్తానా, "ఇంకో గంట నడపగలను, ముందుకెళ్దాం" అంటారు ఆయన. మళ్లీ మొదటికి!

అందుకే ఆ ఫారం చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. బృందం అంటే బండ్లన్నీ రైలుపెట్టెల్లా వరసగా పోవడం అనుకుంటారు చాలామంది. అలా పోతే మొదటి సిగ్నల్ దగ్గరే సగం తెగిపోతాయి, వెనకొచ్చే కార్లవాళ్లు దాటలేక తిట్టుకుంటారు. మామూలుగా జరిగేది వేరు. రేపటి దారి, చేరాల్సిన చోటు ముందే రాసి చేతికిస్తారు. ఎవరికి తోచినప్పుడు వాళ్లు బయల్దేరి, నచ్చిన చోట ఆగి, సాయంత్రానికి అక్కడికి చేరతారు. చివరగా నిర్వాహకుల బండి ఒకటి వస్తుంది, దారిలో ఎవరైనా ఆగిపోతే చూసుకోవడానికి. అంటే పగలంతా మనదే. సాయంత్రం ఎక్కడ ఆగాలన్న బెంగ ఒక్కటే ఇంకొకరి నెత్తిన పడుతుంది. నాకు కావలసిందీ అదే.

కొన్ని దేశాలకైతే ఈ లెక్కే వేరు. చైనాలోకి సొంత బండితో వెళ్లే విదేశీయులు ముందే అనుమతులు తెచ్చుకోవాలి, అక్కడి తాత్కాలిక లైసెన్సు తీసుకోవాలి, గైడుని వెంటబెట్టుకోవాలి. ఆ గైడు ఖర్చు ఒక్క బండివాళ్లే భరించడం ఎక్కడ, పది బండ్లవాళ్లు పంచుకోవడం ఎక్కడ! పాకిస్తాన్, ఇండియా లాంటి చోట్ల బండి మళ్లీ బయటికి తీసుకుపోతామని పూచీ చూపించే కార్నే పత్రం అడుగుతారు. అది మాత్రం బృందంలో ఉన్నా ఎవరి బండికి వాళ్లే తెచ్చుకోవాలి. మేం వెళ్లేది అంత దూరం కాదు కాబట్టి ఈ వాదన ఆయన దగ్గర పారలేదు.

ఆయన వాదనలోనూ పస లేకపోలేదు. క్యాంప్‌సైట్లో కుళాయి నిమిషానికి పది లీటర్లు ఇస్తుందనుకుందాం. వంద లీటర్ల ట్యాంకు నిండడానికి పది నిమిషాలు. పొద్దున్నే ఇరవై బండ్లు బయల్దేరాలంటే, ఉన్నది ఒక్క కుళాయైతే, మూడు గంటలు దాటిపోతుంది. టాయిలెట్ డబ్బా ఖాళీ చేసే చోట ఇంకో వరస. నిండిందని ఎర్రలైటు వెలిగాక తీసిన డబ్బా చేత్తో పట్టుకుని, ముందున్నాయన తన డబ్బా తీరిగ్గా మూడోసారి తొలుస్తుంటే, పళ్లికిలించుకుంటూ కబుర్లు చెప్పాలి. ఆ దృశ్యం ఆయన నటించి మరీ చూపించారు. నవ్వాగలేదు నాకు. ఇంకా పెద్ద ఇబ్బంది ఏంటంటే, ఒక చెరువుగట్టు నచ్చిందని అక్కడ రెండో రాత్రి ఉండిపోవడం కుదరదు. మాకు గుర్తుండిపోయిన మజిలీలన్నీ అలా అనుకోకుండా ఉండిపోయినవే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చుని నిర్వాహకులకి ఉత్తరం రాశాను. మొత్తం ఎన్ని బండ్లు? వరసగా ఎన్ని రోజులు నడపాలి, మధ్యలో కదలకుండా ఉండే రోజులెన్ని? బండి చెడిపోతే బాగయ్యేదాకా తోడుగా ఎవరైనా ఉంటారా, లేక నంబరిచ్చి సాగిపోతారా? సగం దారిలో చేరవచ్చా? ఈ చివరిది నా ఎత్తు. సగం ఆయన పద్ధతిలో వెళ్లి, సరిహద్దులు దాటే సగం నా పద్ధతిలో వెళ్దామని. ఆ మాట ఆయనకింకా చెప్పలేదు.

పంపేముందు ఆయన వచ్చి వెనకనించి చదివారు. చివరి ప్రశ్న చూసి ఏమీ అనలేదు గానీ, "ఇంకోటి కూడా అడుగు. ఒక సాయంత్రం మేం రాకపోతే ఏమంటారు అని" అన్నారు. అదీ చేర్చి పంపాను.