కస్టమ్ బండి, కొత్త షెడ్డు: అప్పగింత నుంచి డెలివరీ దాకా నా అనుభవం

కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండిని ఏ షెడ్డుకి తీసుకెళ్లినా మెకానిక్‌కి సర్వీస్ మాన్యువల్ అండగా ఉంటుంది. కస్టమ్ బండికి, అంటే యజమాని ఇష్టప్రకారం మార్పులు చేయించిన బైకుకి, ఆ పుస్తకం సగమే పనికొస్తుంది. ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే కాళ్లు) వేరే బండిది, వెనక ఛాసీ కోసి లూప్ (వంచిన గొట్టం) అతికించారు, వైరింగ్ కొత్తగా లాగారు, ఎయిర్ బాక్స్ తీసేసి పాడ్ ఫిల్టర్ (కార్బురేటర్‌కి నేరుగా తగిలించే గాలి ఫిల్టర్) పెట్టారు. ఇక మాన్యువల్‌లో ఉన్న చైన్ వదులు, కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రమున్న జెట్ నంబరు, వైరు రంగు ఈ బండివి కావు. అందుకే కొత్త షెడ్డులో నేను ముందుగా గమనించేది, పానా పట్టేముందు వాళ్లు ఎంత కొలుస్తున్నారు, కొలిచింది కాగితం మీద పెడుతున్నారా అన్నదే.

నాది ఒంటి సిలిండర్ కార్బురేటర్ బండి. చెప్పుకున్న ఫిర్యాదులు మూడు. కొన్నాళ్లు కదపకుండా ఉంచితే బ్యాటరీ దిగిపోతోంది. సగం యాక్సిలేటర్ దగ్గర ఇంజన్ తడబడుతోంది. గుంతలో పడితే వెనక ఏదో గట్టిగా తగులుతోంది.

వెళ్లేముందు ఒక కాగితం రాసుకున్నాను: ఫోర్కు ఏ మోడల్‌ది, ముందు వెనక స్ప్రాకెట్లకి ఎన్ని పళ్లు, మెయిన్ జెట్, పైలట్ జెట్ నంబర్లు, బ్రేకు మాస్టర్ సిలిండర్ మీద పోతపోసి ఉన్న సైజు, టైర్ల కొలతలు. ఈ కాగితం లేకపోతే మెకానిక్‌కి సగం పూట ఇవి కనుక్కోవడానికే పోతుంది. బండిని మాత్రం కడిగించలేదు. ఆయిల్ ఎక్కడినుంచి కారుతోందో చెప్పేది ఆ జిడ్డు చారే. ముందురోజు సాయంత్రమే వదిలేసి వచ్చాను, చల్లటి ఇంజన్ మొదటి స్టార్టు వాళ్ల కళ్లముందు జరగాలని.

షెడ్డులో టార్క్ రెంచ్ (బిగువు కొలిచి బిగించే పానా), మల్టీమీటర్, కంప్రెషన్ గేజ్ వాడకంలో ఉన్నాయా అని చూశాను. ఇంకో ముఖ్యమైన సంగతి, గ్రైండింగ్ వెల్డింగ్ చేసే చోటు, ఇంజన్ విప్పే బల్ల వేరువేరుగా ఉండాలి. గ్రైండింగ్ పొడి తెరిచిన క్రాంక్ కేసులో పడితే బేరింగులు అరిగిపోతాయి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన లోహాన్ని ఆరకముందే వెల్డింగ్ చేస్తే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. కాబట్టి వెల్డింగ్ మూల దగ్గర ఆ డబ్బా కనిపిస్తే అడగడానికి మొహమాటపడకూడదు.

పని బ్యాటరీతో మొదలుపెట్టారు. ఫుల్ చార్జి చేసి, కాసేపు వదిలి చూస్తే 12.7 వోల్టులు. అంటే బ్యాటరీ బాగానే ఉంది. తర్వాత నెగటివ్ వైరు విప్పి, మీటర్‌ని ఆంపియర్ల మీద పెట్టి, వైరుకీ టెర్మినల్‌కీ మధ్య కలిపారు. ఇలా కలిపి ఉండగా తాళం తిప్పినా సెల్ఫ్ నొక్కినా మీటర్‌లో ఫ్యూజు పోవచ్చు. ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) లేని, అలారం లేని బండికి తాళం తీసేశాక కరెంటు దాదాపు సున్నా ఉండాలి. ఇక్కడ అలా లేదు. ఒక్కో కనెక్టర్ ఊడదీస్తూ పోతే, బ్యాటరీకి వెళ్లే చార్జింగ్ కరెంటుని సరిచేసే రెగ్యులేటర్ రెక్టిఫైయర్ ఊడగానే సున్నాకి వచ్చింది. దాని లోపలి డయోడ్లు లీకయితే, బండి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ నుంచి కరెంటు వెనక్కి స్టేటర్ (ఇంజన్‌లో కరెంటు పుట్టించే తీగచుట్టలు) వైపు పారుతుంది.

కొత్తది బిగించేసి పంపొచ్చు. వాళ్లు అలా చేయలేదు, అది ఎందుకు పోయిందో వెతికారు. నాకు ఈ షెడ్డు మీద నమ్మకం కుదిరింది అక్కడే. స్టేటర్ నుంచి వచ్చే మూడు పసుపు వైర్ల మధ్య జతజతగా ఏసీ వోల్టేజీ కొలిచారు. మూడు రీడింగులూ సమానంగా ఉన్నాయి, ఏ వైరూ బాడీకి తగలడం లేదు. మరి తప్పెక్కడ? హెడ్‌లైటు వేసి, మీటర్ ఒక కొస ఇంజన్ కేసు మీద, ఇంకో కొస బ్యాటరీ నెగటివ్ మీద పెట్టారు. ఎర్తు, అంటే కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారి, బాగుంటే అక్కడ 0.1 వోల్టు కూడా రాకూడదు, 0.2 దాటితే శుభ్రం చేయాల్సిందే. ఇక్కడ అంతకంటే బాగా ఎక్కువే చూపించింది.

కారణం ఛాసీకి వేసిన పౌడర్ కోటింగ్. కస్టమ్ బండ్లలో కరెంటు గొడవలకి ఇంతకంటే సాధారణమైన కారణం నేను చూడలేదు. పొడి చల్లి వేడితో కరిగించి పట్టించే ఈ పూత మామూలు రంగుకంటే మందం, పైగా కరెంటుని పోనివ్వదు. కోటింగుకి పంపేముందు ఎర్తు బిగించే చోట్లు, మరలు, బేరింగు కూర్చునే అంచులు మూసిపెట్టాలి. లేకపోతే ఎర్తు రింగు కోటింగు మీదే కూర్చుంటుంది, కరెంటు బోల్టు మర మీదుగా దారి వెతుక్కుంటుంది. రెగ్యులేటర్ బ్యాటరీ వోల్టేజీని తప్పుగా చదువుతుంది, వేడెక్కుతుంది, చివరికి పోతుంది. ఎర్తు చోట లోహం మెరిసేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి, పైన గ్రీజు రాశారు. ఇంజన్ నుంచి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి ఒక లావు వైరు కూడా వేయించాను. కొత్త రెగ్యులేటర్‌తో 4000 ఆర్పీఎం దగ్గర 14.2 వోల్టులు వచ్చింది. 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే సరే, 15 దాటితే బ్యాటరీ ఉడికిపోతుంది. లిథియం బ్యాటరీ వేసుకునేవాళ్లు ఈ రీడింగు చూడకుండా వేయకూడదు.

వైర్ల అతుకులు కూడా విప్పి చూపించారు. సోల్డర్ చేసిన చోట రాగి పోగులు బిగుసుకుపోతాయి, ఇంజన్ అదురుకి సరిగ్గా సోల్డర్ ఆగిన అంచు దగ్గర తెగుతాయి. మంచి క్రింపింగ్ (లోహపు తొడుగుతో వైర్లని నొక్కి బిగించడం) చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడిగితే ఆ బెడద ఉండదు.

తడబాటు సంగతికి వస్తే, జెట్లు మార్చేముందు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, చూశారు. ఇంజన్ వేడిగా ఉండాలి, యాక్సిలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకోవాలి, ముల్లు ఇక పెరగనంతవరకు సెల్ఫ్ కొట్టాలి. తక్కువొస్తే ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. పెరిగితే లోపం పిస్టన్ రింగుల్లో, పెరగకపోతే చాలావరకు వాల్వుల్లో. నా బండికి అంతదాకా పోలేదు. తర్వాత యాక్సిలేటర్ గ్రిప్పుకి టేపు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టారు. పావు కంటే బాగా తక్కువ తిప్పినప్పుడు పైలట్ జెట్, పావు నుంచి ముప్పావు దాకా కార్బురేటర్ లోపల పైకి లేచే స్లైడుకి ఉన్న సూది, ఆపైన మెయిన్ జెట్ పెట్రోలుని నడిపిస్తాయి. నాది సగం దగ్గర తడబాటు కాబట్టి మెయిన్ జెట్ జోలికి వెళ్లడం దండగ. పాడ్ ఫిల్టర్‌తో గాలి ఎక్కువై మిశ్రమం పలచబడింది. సూది మీది క్లిప్పుని ఒక గాడి కిందికి దించితే సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. దాంతో చాలావరకు సర్దుకుంది. ఇంకో చిన్న పని, పాడ్ ఫిల్టర్ రబ్బరు పెదవి కార్బురేటర్ నోటి దగ్గర ఉన్న సన్నని గాలి రంధ్రాన్ని మూసేస్తోంది. ఇంజన్ పీల్పుతో స్లైడు లేచే వాక్యూమ్ కార్బురేటర్‌కి ఆ దారి మూసుకుపోతే స్లైడు సరిగా లేవదు. రబ్బరుని ఆ మేరకు కోసేశారు.

వెనక తగులుతున్న చప్పుడు అన్నిటికంటే ప్రమాదకరం. షాకబ్జార్బర్లు రెండూ విప్పి, చక్రాన్ని చేత్తో పైకి ఎత్తి, షాకు పూర్తిగా నొక్కుకున్నప్పుడు చక్రం ఎక్కడుంటుందో అక్కడ ఆపారు. టైరు లూప్ కింద ఉన్న వైరింగ్ ట్రేకి తగులుతోంది. ట్రే ఎత్తి బిగించారు. షాకులు విప్పినప్పుడే చైన్ కూడా చూడాలి. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టే చేయి) పివట్, వెనక యాక్సిల్ మూడూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగువుగా ఉంటుంది. ఆ స్థితిలో కూడా కాస్త వదులు మిగలాలి. అలా సరిచేసి, షాకులు బిగించి, స్టాండు మీద ఎంత వదులుందో కొలిచి రాసుకుంటే ఆ బండికి అదే కొత్త లెక్క. షాకు పొడవు మార్చిన బండికి మాన్యువల్‌లో అంకె చూసి చైన్ బిగిస్తే గేర్ బాక్స్ షాఫ్టు బేరింగుకి చేటు.

లూప్ వెల్డింగునీ చూడమన్నాను. రెండు గొట్టాలని అంచుకి అంచు పెట్టి అతికిస్తే చాలదు. లోపల ఇంకో గొట్టం ముక్క దూర్చి, పక్కన రంధ్రాలు చేసి అక్కడ కూడా వెల్డు పోయాలి. బండి మీదే వెల్డింగ్ చేస్తే బ్యాటరీ విప్పాలి, ఎర్తు క్లాంపు వెల్డు పక్కనే పెట్టాలి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది. ఛాసీ నంబరున్న చోట గ్రైండర్ తగలనివ్వకూడదు.

బ్రేకు కాలిపర్‌కి (డిస్కుని నొక్కిపట్టే భాగం) మెరిసే స్టెయిన్‌లెస్ బోల్టులు ఉన్నాయి. తీయించేశాను. తల మీద ఏ2-70 అని ఉన్న బోల్టు బలం 700 మెగాపాస్కల్, 10.9 అని ఉన్న ఉక్కు బోల్టుది 1000. చూపు కోసం కాలిపర్ దగ్గర బలం తగ్గించుకోవడం నాకు ఒప్పుకోలేని పని. బ్రేకు గొట్టం విప్పినందుకు, దాని అతుకు దగ్గర ఆయిల్ కారకుండా ఆపే బాంజో వాషర్లు కొత్తవి వేశారు.

డెలివరీ రోజు తీసేసిన పార్టులు, కొలతల కాగితం, చేత్తో గీసిన వైరింగ్ బొమ్మ అడిగి తీసుకున్నాను. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉంచి హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాను. ఆర్పీఎం పెరిగితే యాక్సిలేటర్ వైరు పొట్టిదయిందని అర్థం, అలాంటి బండిని రోడ్డెక్కించకూడదు. పూర్తిగా తిప్పినప్పుడు ట్యాంకుకీ గ్రిప్పుకీ మధ్య వేళ్లు నలగకుండా చోటు ఉండాలి. రెండూ సరిగానే ఉన్నాయి. 200 కిలోమీటర్లు తిరిగాక, ఇంజన్ చల్లారి ఉండగా కాలిపర్, యాక్సిల్, సైలెన్సర్, ఇంజన్ మౌంటింగ్ బోల్టులకి మళ్లీ టార్క్ రెంచ్ పెట్టించాను. సైలెన్సర్ స్టడ్ నట్టు ఒకటి కొద్దిగా తిరిగింది, మిగతావి కదల్లేదు.